"చూద్దాంలే" అనడం మానేశాకే మా ఇంట్లో పండగలు ప్రశాంతంగా జరుగుతున్నాయి

"బెంగళూరులో ఇద్దరం ఉద్యోగాలు చేస్తున్నాం, చిన్న పిల్లాడున్నాడు. దసరా నుంచి సంక్రాంతి దాకా పండగలన్నీ టెన్షన్‌తోనే గడిచిపోతున్నాయి, ఎలా ప్లాన్ చేసుకోవాలి?" అని అడిగారు. పదిహేనేళ్లుగా మారతహళ్లి వైపు ఉంటున్నదాన్ని, మీ పరిస్థితే నాదీ, అందుకే రాస్తున్నాను.

సరుకుల లిస్టు ముందే రాసుకోండి, ఇల్లు వారం ముందు దులుపుకోండి లాంటి సలహాలు మీకు ఎవరైనా చెప్తారు. అవీ చేసుకోండి. కానీ మా ఇంట్లో ఏళ్ల తరబడి పండగలు పాడైంది "చూద్దాంలే" అనే ఒక్క మాట వల్లే. అమ్మ ఫోన్ చేసి "పండక్కి వస్తున్నారా?" అంటే "చూద్దాంలే అమ్మా, లీవు దొరకాలి కదా." అత్తయ్య అడిగినా అదే. నొప్పించకుండా చెప్తున్నామనుకునేదాన్ని. ఆ మాట అవతలివాళ్లని ఎంత ఇబ్బంది పెడుతుందో ఒక భోగి నాడు అర్థమైంది.

మా పుట్టిల్లు అనంతపురం. ఇక్కణ్ణుంచి నాలుగు గంటల దారి, శుక్రవారం సాయంత్రం అనుకున్నా రాత్రి భోజనం టైమ్‌కి వెళ్లిపోవచ్చు. అత్తగారిది ఒంగోలు దగ్గర పల్లెటూరు. ఆ ఏడు మావాడికి మూడేళ్లు. భోగిపళ్లు పోయాలని అత్తయ్యకి ఎంతో ఆశ. అక్టోబర్ నుంచి అడుగుతూనే ఉన్నారు, మేం "చూద్దాం" అంటూనే ఉన్నాం. మావారి ఆఫీసులో జనవరి రిలీజ్, నాకు లీవు కన్‌ఫర్మ్ కాలేదు. జనవరి మొదటి వారంలో "వీలు కాదేమో" అన్నాం. మళ్లీ భోగికి రెండు రోజుల ముందు లీవు దొరికితే "వస్తున్నాం" అన్నాం. అప్పటికి రైలంతా వెయిటింగ్ లిస్టే. చివరికి ఒక ప్రైవేటు బస్సులో, మామూలు రోజుల రేటుకి మూడింతలు పెట్టి రెండు స్లీపర్ బెర్తులు తీసుకున్నాం.

బస్సు మారతహళ్లి బ్రిడ్జి దగ్గరికి రాత్రి ఎనిమిదిన్నరకి రావాలి. మేం ఎనిమిదికే వెళ్లి నిలబడ్డాం. ఫుట్‌పాత్ నిండా మనవాళ్లే. నెల్లూరుకి కొందరు, గుంటూరుకి కొందరు, చేతుల్లో స్వీట్ బాక్సులు, కొత్త బట్టల కవర్లు. తొమ్మిదైంది, పదైంది. ఫోన్ చేస్తే "ఐదు నిమిషాలు మేడమ్, సిల్క్ బోర్డ్ దాటేశాం" అన్నారు. పదకొండుకీ అదే మాట. మావాడు సూట్‌కేసు మీద తల పెట్టుకుని నిద్రపోయాడు. వాడి మీద నా చున్నీ కప్పి, పక్కనే నేల మీద కూర్చున్నాను. మామయ్య అరగంటకోసారి ఫోన్ చేస్తున్నారు. "ఎక్కారా అమ్మా?" "ఇంకా లేదు మామయ్యా." ఆయన గొంతులో కంగారు వింటుంటే నాకు ఏడుపొచ్చింది. బస్సు వచ్చేసరికి పన్నెండు నలభై. కె.ఆర్. పురం దాటి హొసకోటె చేరేసరికి ఇంకో రెండు గంటలు. తెల్లారేసరికి తిరుపతి కూడా రాలేదు.

ఇల్లు చేరేసరికి మధ్యాహ్నం మూడున్నర. భోగి మంట ఎప్పుడో తెల్లవారుజామున అయిపోయి, వాకిట్లో బూడిద మిగిలింది. నాలుగింటికల్లా పేరంటాళ్లు వచ్చేశారు. పిల్లాణ్ణి లేపుదామంటే లేవడే. ఒళ్లు వెచ్చగా ఉంది. చివరికి వాణ్ణి నా ఒళ్లోనే పడుకోబెట్టుకుని పీట మీద కూర్చున్నాను. అత్తయ్య రేగిపళ్లు, చెరకు ముక్కలు, బంతిపూల రేకులు, చిల్లర కలిపి దోసిలితో మూడుసార్లు దిష్టి తిప్పి, లేస్తాడేమోనని మెల్లగా, ఒక్కొక్క పండూ జార్చినట్టు పోశారు. ఒక రేగిపండు వాడి జుట్టులోనే చిక్కుకుని ఉండిపోయింది. రాత్రి స్నానం చేయించేటప్పుడు కనబడింది.

ఆ రాత్రి వంటింట్లో అత్తయ్య అన్న మాట నాకు బాగా తగిలింది. "అరిసెలు ఈసారి సరిగ్గా కుదర్లేదమ్మా. మీరొస్తారో రారో తెలీక బియ్యం రెండుసార్లు నానబోశాను" అన్నారు. అరిసెలు చేసేవాళ్లకి ఇది తెలుస్తుంది. బియ్యం నానబోసి, వడకట్టి, తడి ఆరకముందే మరకి తీసుకెళ్లి పట్టించాలి. ఆ తడిపిండి నిలవ ఉండదు. పాకం ఉండకి రాగానే ఒకరు పిండి పోస్తుంటే ఇంకొకరు కలుపుతూనే ఉండాలి, అందుకని పక్కింటివాళ్లని ముందే పిలుచుకోవాలి. మేం వస్తామేమో అనుకుని ఒకసారి నానబోసి పిండి పట్టించారు. రావట్లేదేమో అన్నామని ఆ పిండిని ఎండబెట్టేశారు. మళ్లీ వస్తున్నామంటే మళ్లీ నానబోశారు. సాయానికి ఎవరూ దొరక్క అరవై దాటిన మనిషి ఒక్కరే పాకం పట్టుకున్నారు. మా ఒక్క "చూద్దాం" వెనక ఇంత పని ఉందని నాకు అప్పటిదాకా తెలీదు. ఆవిడ కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది.

అప్పట్నుంచి మా ఇంట్లో ఒకటే నియమం. జూన్‌లో స్కూలు క్యాలెండర్ చేతికి రాగానే ఒక ఆదివారం సాయంత్రం ఇద్దరం కూర్చుంటాం. ఏ పండక్కి ఎక్కడికి వెళ్తాం, ఏ పండక్కి ఇక్కడే ఉంటాం అన్నది ఆ ఒక్క పూటలో తేల్చేస్తాం. వారంలోపు రెండు ఇళ్లకీ చెప్పేస్తాం. ఒక సంక్రాంతికి ఒంగోలు వెళ్తే తర్వాతి సంక్రాంతికి బెంగళూరులోనే. దసరా, ఉగాది అనంతపురం. వినాయక చవితి, దీపావళి ఎప్పుడూ మా ఇంట్లోనే, మార్పు లేదు. మొదటి ఏడాది "ఈ సంక్రాంతికి రావట్లేదు" అని చెప్పినప్పుడు అత్తయ్య కాసేపు మాట్లాడలేదు. మర్నాడు ఆవిడే ఫోన్ చేసి, "అయితే ఈసారి మేం మీ ఆడపడుచు దగ్గరికి వెళ్తాం" అన్నారు. తెలిస్తే వాళ్ల ఏర్పాటు వాళ్లూ చేసుకుంటారు.

ఎవరి అమ్మానాన్నలకి వాళ్లే చెప్పాలి. దీని మీద నాకు గట్టి అభిప్రాయమే ఉంది. మన ఇళ్లల్లో మగవాళ్లు "మా అమ్మకి నువ్వే చెప్పు, నువ్వయితే బాగా చెప్తావు" అని తప్పుకుంటారు. అలా రెండు వైపులా "మేం రావట్లేదు" అనే మాట కోడలి నోటి నుంచే వస్తుంది, కోడలే చెడ్డదవుతుంది. సగం ఇళ్లల్లో పండగ గొడవలకి ఇదే కారణమని నా నమ్మకం. ఇప్పుడు ఒంగోలుకి మావారే ఫోన్ చేస్తారు, నేను పక్కన కూర్చుంటాను.

రైలు సంగతి. ఇదివరకు 120 రోజుల ముందు టికెట్ దొరికేది. 2024 నవంబర్ 1 నుంచి దాన్ని 60 రోజులకి తగ్గించారు, ప్రయాణం రోజు లెక్కలోకి రాదు. జనవరి 12న రైలెక్కాలంటే నవంబర్ 13 ఉదయం ఎనిమిదింటికి బుకింగ్ మొదలవుతుంది. ఎనిమిదిం పావుకి చూస్తే అప్పటికే వెయిటింగ్ లిస్టు. ఈ 60 రోజుల లెక్క రైలు మొదట బయల్దేరే స్టేషన్ తేదీ నుంచి, మనం ఎక్కే స్టేషన్ నుంచి కాదు. తిరుగు ప్రయాణంలో అర్ధరాత్రి దాటాక ఎక్కే రైలైతే బుకింగ్ ఒకరోజు ముందే తెరుచుకుంటుంది. ఇది తెలీక మా స్నేహితురాలు ఒకసారి నష్టపోయింది. పండగ రోజుల్లో తత్కాల్‌ని మాత్రం నమ్ముకోకండి.

ఇంకో బాధ కూడా చెప్పుకోవాలి. ఆంధ్రాలో సంక్రాంతికి వారం పైనే సెలవులిస్తారు. ఇక్కడ ఒక్కరోజు. దసరాకి మాత్రం ఇక్కడ బాగానే ఇస్తారు. బెంగళూరులో ఇంతమంది తెలుగు పిల్లలున్నారు, సంక్రాంతికి ఇంకో రెండు రోజులిస్తే తాతయ్య, నానమ్మలని చూసొస్తారు కదా అని ప్రతి ఏడాదీ అనుకుంటాను. అలాగని స్కూలు మాన్పించి తీసుకెళ్లడానికి మనసొప్పదు.

ఇక్కడే ఉండిపోయే ఏడు బెంగ పెట్టుకోకండి. మేం మొదటిసారి ఆగిపోయిన సంక్రాంతికి మావాడికి ఐదో ఏడు నడుస్తోంది, భోగిపళ్లు పోయడానికి అదే చివరి ఏడాది. నాకు దిగులుగా ఉంది. పక్క ఫ్లాట్ కన్నడ ఆంటీ ఎళ్లు బెల్ల ఇవ్వడానికి వచ్చారు. నువ్వులు, బెల్లం ముక్కలు, ఎండుకొబ్బరి, వేరుశనగపప్పు, పుట్నాలు కలిపి చిన్న కవర్‌లో, పక్కన చక్కెర అచ్చు, చెరకు ముక్క. మాటల్లో భోగిపళ్ల సంగతి చెప్తే, "మాకూ ఉందమ్మా, కరి ఎరెయువుదు అంటాం" అన్నారు. వాళ్లూ సంక్రాంతికి చిన్న పిల్లల నెత్తిన ఎలచి హణ్ణు, అంటే మన రేగిపళ్లే, చెరకు ముక్కలు, చిల్లర కలిపి పోస్తారట. ఇన్నేళ్లున్నా నాకు తెలీదు. ఆ సాయంత్రం మా హాల్లోనే ఆవిడ, నేను కలిసి పోశాం. ఒంగోలు నుంచి అత్తయ్య వీడియో కాల్‌లో "ఎడమ చెవి పక్కగా పొయ్యండి, కళ్లల్లో పడకుండా" అని చెప్తూ ఉన్నారు. మావాడు ఈసారి మెలకువగా ఉండి, కిందపడిన రూపాయి బిళ్లలన్నీ ఏరుకున్నాడు.

మీవాడు చిన్నవాడంటున్నారు కాబట్టి ఒకటి మాత్రం ఆలస్యం చెయ్యకండి. ఈ ఆదివారమే ఇద్దరూ కూర్చుని తేల్చుకుని రెండు ఇళ్లకీ ఫోన్ చెయ్యండి. లీవు కన్‌ఫర్మ్ అయ్యాక చెప్దాం అనుకోకండి, వెళ్లాలనుకున్న పండగలకి లీవు కావాలని మేనేజర్‌కి కూడా ఇప్పుడే చెప్పేయండి.

మాకు ఈ ఏడు ఒంగోలు వంతు. జూన్‌లోనే మావారు ఫోన్ చేసి చెప్పారు. మొన్న అత్తయ్య మాట్లాడుతూ, "పన్నెండున రైలెక్కుతున్నారుగా, అయితే అదే రోజు బియ్యం నానబోస్తాను. నువ్వొచ్చాక పాకం ఇద్దరం పడదాం" అన్నారు.