పీసా టవర్ లోపల ఎక్కుతుంటే ఒరిగినట్లు తెలుస్తుందా? అసలది ఎందుకు పడిపోవట్లేదు?

ఇటలీ వెళ్తున్నామని, టవర్ ఎక్కాలా, కింద ఫోటో దిగితే చాలా అని అడిగారు. ఎక్కండి. ఒరిగిన సంగతి కళ్లకంటే ముందు కాళ్లకు తెలుస్తుంది.

మెట్లు గోడ మందంలోనే చుట్టూ తిరుగుతూ పైకి పోతాయి, బాగా ఇరుకు. ఒక పక్కన ఎక్కేటప్పుడు ఎవరో మనల్ని బయటి గోడకేసి నెడుతున్నట్లుంటుంది, అర చుట్టు తిరిగేసరికి లోపలి గోడకు ఆనుకుంటాం. పాలరాతి మెట్లు అరిగిన తీరు గమనించండి. గుంట అన్ని మెట్లకూ నడిమధ్యన ఉండదు, జనం ఏ పక్కకు తూలితే ఆ పక్కనే పడింది. మా ఆవిడకు కాసేపటికే కళ్లు తిరిగాయి, గోడ పట్టుకుని నింపాదిగా ఎక్కింది. నాకైతే భలే సరదాగా అనిపించింది.

ఇక ఎందుకు పడలేదంటారా? సుమారు 14,500 టన్నుల కట్టడానికి వేసిన పునాది లోతు 3 మీటర్లే. కింద మెత్తటి బంకమట్టి. 1173లో మొదలుపెట్టారు, మూడో అంతస్తుకు వచ్చేసరికే ఒరగడం మొదలైంది. అదృష్టం ఏమిటంటే, యుద్ధాల వల్ల పని దాదాపు వందేళ్లు ఆగిపోయింది. ఆ లోగా బరువుకు మట్టిలోని నీరు పిండుకుపోయి నేల గట్టిపడింది. ఏకబిగిన కట్టేసి ఉంటే అప్పుడే కూలిపోయేదని ఇంజినీర్ల మాట.

1272లో మళ్లీ మొదలుపెట్టిన మేస్త్రీలు కుంగిన పక్క రాళ్లను కాస్త ఎత్తుగా పేర్చి సరిచేయబోయారు. అందుకే దూరం నుంచి చూస్తే టవర్ తిన్నగా ఒరిగినట్లుండదు, అరటిపండులా వంపు తిరిగి ఉంటుంది. పైన గంటల గదికి వెళ్లేటప్పుడు మెట్లు లెక్కపెట్టండి: ఉత్తరాన 4, టవర్ ఒరిగిన దక్షిణం పక్కన 6. ఎక్కువమంది సెల్ఫీల హడావుడిలో ఇది చూడకుండానే దిగిపోతారు.

తర్వాత బాగుచేయబోయి చెడగొట్టినవాళ్లే ఎక్కువ. 1838లో పునాది కనపడాలని చుట్టూ తవ్వితే నీరు ఊరి ఇంకా ఒరిగింది. 1934లో అప్పటి ఇటలీ నియంత ముస్సోలినీకి ఇది నామోషీ అనిపించింది కాబోలు, పునాదిలోకి సిమెంటు ఎక్కించారు, మళ్లీ అదే కథ. 1989లో పావియా అనే ఊళ్లో పాత గోపురం ఒకటి ఉన్నట్టుండి కూలి నలుగురు చనిపోయారు. దాంతో టెన్షన్ పట్టుకుని 1990 జనవరిలో దీన్ని మూసేశారు.

చివరికి పనిచేసిన ఉపాయం మాత్రం సివిల్ ఇంజినీరింగ్ చదివిన నాకు ఇప్పటికీ ముచ్చటే. ముందు ఉత్తరం పక్కన సీసపు దిమ్మెలు బరువు పెట్టి ఒరగడం ఆపారు. తర్వాత అదే పక్కన ఏటవాలుగా గొట్టాలు దింపి, కింది మట్టిని కొద్దికొద్దిగా, మొత్తం సుమారు 38 ఘనపు మీటర్లు, బయటికి లాగారు. టవర్ తనంతట తానే ఆ పక్కకు కుదురుకుంది. ఒరుగు ఐదున్నర డిగ్రీల నుంచి నాలుగుకు తగ్గింది. 2001 డిసెంబరులో మళ్లీ తెరిచారు. నిటారుగా నిలబెట్టాలని మాత్రం ఎవరూ అనుకోలేదు లెండి, నిలబెడితే చూడ్డానికి వచ్చేదెవరు!

టికెట్ మీద ఉన్న టైముకే లోపలికి పంపుతారు, బ్యాగులు కింద అప్పగించాలి. వాన పడితే మెట్లు జారతాయి, చెప్పులు కాకుండా బూట్లు వేసుకోండి. ఎనిమిదేళ్లు నిండని పిల్లల్ని ఎక్కనివ్వరు. మీ బాబుకు ఆరేళ్లన్నారు కాబట్టి మీ ఇద్దరూ వేర్వేరు టైములకు టికెట్లు తీసుకోవడం మంచిది.