పొద్దుతిరుగుడు గింజలు ఇంట్లో వేయించుకోవాలంటే పువ్వు ఎప్పుడు కోయాలి?

ప్రశ్న: యాసంగిలో ఎకరంన్నరలో పొద్దుతిరుగుడు వేశాం. రకం కె.బి.ఎస్.హెచ్-44. పువ్వుల వెనక పచ్చదనం ఇప్పుడిప్పుడే తగ్గుతోంది. రామచిలుకలు ఒక మూల నుంచి ఖాళీ చేస్తున్నాయి. పంట అమ్మకానికే గానీ, పిల్లలు తినడానికి ఓ పది కిలోలు వేయించి ఉంచుకుందామని ఉంది. పోయినేడు అలా చేస్తే కొన్ని మెత్తగా, కొన్ని చేదుగా వచ్చాయి. మిగిలినవి నెల తిరక్కుండానే ముక్క వాసన కొట్టాయి. ఎప్పుడు కోయాలి, ఎలా వేయించాలి? విత్తగా ప్యాకెట్‌లో అరకిలో గింజలు మిగిలాయి, వాటినీ కలుపుకోవచ్చా?
– ఒక రైతు, సిద్దిపేట జిల్లా

జవాబు: ముందు మీ చివరి ప్రశ్నకు చెబుతాను. ప్యాకెట్‌లో మిగిలిన ఆ అరకిలో గింజలు ఎట్టి పరిస్థితుల్లోనూ తినొద్దు. తెగుళ్లు, రసం పీల్చే పురుగులు రాకుండా విత్తనానికి థైరమ్, ఇమిడాక్లోప్రిడ్ లాంటి మందులు పట్టించి అమ్ముతారు. గింజ మీద కనిపించే ఆ రంగు, అది మందు గింజ అని తెలియడానికే. కడిగినా, వేయించినా తినడానికి పనికిరాదు. కోళ్లకు కూడా వేయకండి. పిల్లల చేతికి అందకుండా ఈ రోజే పక్కకు తీసి పెట్టండి.

ఇక కోత సంగతి. పువ్వును వంచి వెనక వైపు చూడండి. ఆకుపచ్చ పోయి నిమ్మపండు పసుపు రంగు రావాలి. అంచున ఉండే చిన్న ఆకులు గోధుమ రంగుకు తిరగాలి. ముందు వైపు బొటనవేలితో రుద్దితే ఎండిన పూరేకుల పొట్టు రాలిపోయి, కింద నల్లటి గింజలు వరుసలుగా బయటపడాలి. మీ చేను ఆ దశకు దగ్గర్లో ఉంది, ఇంకా రాలేదు. చిలకల టెన్షన్‌తో ఇప్పుడే కోసేస్తే గింజ పూర్తిగా నిండదు. ఎండాక పప్పు లోపలే ముడుచుకుపోతుంది. పోయినేడు కొన్ని గింజలు మెత్తగా రావడానికి ఇది కూడా ఒక కారణం అయి ఉండొచ్చు.

పది కిలోల కోసం చేనంతా కాపలా కాయనక్కర్లేదు. బాగా నిండిన పెద్ద పువ్వులు రెండు వందల దాకా ఎంచుకుని, పాత నూలు చీర ముక్కలు కప్పి దారంతో వదులుగా కట్టండి. ప్లాస్టిక్ కవర్లు వద్దు, లోపల చెమ్మ చేరి పువ్వు కుళ్లుతుంది. మిగతా చేనుకు పంట కన్నా కాస్త ఎత్తున మెరిసే రిబ్బన్లు కట్టండి. పూత తర్వాత మందు కొట్టి ఉంటే, కొట్టాక ఇన్ని రోజులు ఆగి కోయాలని డబ్బా మీద రాసిన గడువు దాటాకే తినే పువ్వులు కోయాలి.

కోసిన పువ్వుల్ని కుప్ప పోయకండి. ఒక్క రాత్రి కుప్పలో ఉన్నా లోపల వేడి పుట్టి బూజు పడుతుంది. టార్పాలిన్ మీద ఒకే వరుసలో పరిచి రెండు మూడు రోజులు ఎండనిచ్చి, తర్వాత కర్రతో కొట్టి గింజ రాల్చండి. తాలు గింజలు చెరిగేసి మళ్లీ ఎండబెట్టండి. తేమ 9-10 శాతానికి దిగాలి. కొలిచే మీటర్ లేకపోతే గింజను పంటి కింద పెట్టి చూడండి: పొట్టు టక్కున పగిలి, పప్పు సాగకుండా విరగాలి. బూజు వాసన ఉన్నవి, రంగు మారినవి ఏరి పారేయండి. బూజు వల్ల పుట్టే విషం వేయించినంత మాత్రాన పోదు. పోయినేటి చేదు అక్కడి నుంచీ వచ్చి ఉండొచ్చు, మాడినందువల్లా వచ్చి ఉండొచ్చు.

మీది నూనె కోసం పండించే రకం. గింజ చిన్నది, పొట్టు పప్పును గట్టిగా పట్టుకుని ఉంటుంది. తినడానికని పెంచే చారల గింజ పెద్దది, పొట్టు సులువుగా వస్తుంది. అయినా మీ గింజలూ రుచిగానే ఉంటాయి. 1969 ప్రాంతంలో మన దేశంలో నూనె పంటగా సాగులోకి వచ్చిన తొలి రకాలు రష్యావే. అక్కడ ఈ గింజల్ని మనం పల్లీలు తిన్నట్టు తింటారు.

లీటరు నీళ్లలో 50 గ్రాముల రాళ్లుప్పు కరిగించి, గింజల్ని పొట్టుతోనే రాత్రంతా నానబెట్టండి. పొద్దున వడకట్టి, పైతడి పూర్తిగా ఆరేదాకా ఎండలో పెట్టండి. తడి ఉండగా పొయ్యి ఎక్కిస్తే పైన మాడి లోపల పచ్చిగా ఉంటాయి. మందపాటి ఇనుప మూకుడులో, సన్నటి సెగ మీద, కొద్దికొద్దిగా వేసి, తిప్పుతూ వేయించండి. ఒక్కో వాయికి పావుగంట పైనే పడుతుంది. మధ్యమధ్య ఒక గింజ తీసి, చల్లార్చి, పగలగొట్టి చూడండి. పప్పు లేత గోధుమ రంగుకు రాగానే వెంటనే పళ్లెంలోకి దించేయండి. వేడి మూకుడులోనే వదిలేస్తే దించాక కూడా ముదురుతుంది, చేదెక్కుతుంది. నాలుగు గింజలు చిటపటలాడగానే మంట తగ్గించుకోవడం అలవాటు చేసుకోండి.

ముక్క వాసన ఎందుకొచ్చిందంటే, ఈ గింజలో నూనె ఎక్కువ. వేయించాక గాలి, వెలుతురు తగిలితే ఆ నూనె త్వరగా చెడుతుంది. అందుకే పది కిలోలూ ఒకేసారి వేయించకండి. పచ్చి గింజల్ని బాగా ఎండబెట్టి, మూత బిగుతుగా ఉండే స్టీలు డబ్బాలో చల్లటి చోట పెట్టుకోండి. రెండు వారాలకు సరిపడా, అంటే ఒక కిలో చొప్పున తీసి వేయించుకోండి. పూర్తిగా చల్లారాకే డబ్బాలో పోయండి. చిన్న పిల్లలకైతే పొట్టు ఒలిచి, పప్పు నలిపి ఇవ్వండి.