పక్క తడిపే బాబుని క్యాంపింగ్‌కి తీసుకెళ్లొచ్చా?

ప్రశ్న: మాది రాజోలు దగ్గర పల్లెటూరు. నేను విశాఖలో ఉద్యోగం చేస్తూ శని, ఆదివారాలు ఇంటికొస్తాను. మా బాబుకి ఏడేళ్లు. రోజూ నానమ్మ దగ్గర పడుకుంటాడు. వారంలో రెండు మూడు రాత్రులు పక్క తడుపుతాడు. నా స్నేహితులు నలుగురు తమ పిల్లలతో కలిసి దిండి దగ్గర కొబ్బరితోటలో టెంట్లు వేసుకుని ఒక రాత్రి గడుపుదామంటున్నారు. బాబుకి చెబితే ఒకటే ఏడుపు. నా భార్య వద్దంటోంది. మా నాన్న మాత్రం ‘మగపిల్లాడు, లాక్కెళ్తే వాడే అలవాటు పడతాడు’ అంటున్నారు. ఏం చెయ్యమంటారు?

జవాబు: లాక్కెళ్లడం మాత్రం వద్దు. అలాగని మానుకోమనీ చెప్పను. వారమంతా దూరంగా ఉండే తండ్రి కొడుకుతో ఒక రాత్రి గడపాలనుకోవడం చాలా మంచి కోరిక. కానీ అది మొదలవ్వాల్సింది దిండిలో కాదు, మీ ఇంట్లో. బాబు ఇంతవరకు మీ పక్కన ఎన్ని రాత్రులు పడుకున్నాడు? వాడికి టెంటు, చీకటి, ఏటిగాలి ఎంత కొత్తో రాత్రిపూట మీరూ అంతే కొత్త. ఈ మాట మీకు బాధ కలిగిస్తుందని తెలుసు, అయినా వాడి ఏడుపు అర్థం కావాలంటే ఇక్కడి నుంచే చూడాలి.

నాకు తోచేదేమిటంటే, వాడి భయం చీకటంటే కాకపోవచ్చు. తెల్లారేసరికి పక్క తడిసి ఉంటే మిగతా పిల్లలు చూస్తారన్నదే వాడి భయం కావచ్చు. ఏడేళ్ల వాడు దాన్ని మాటల్లో చెప్పలేడు. ఇంట్లో ఎవరూ లేనప్పుడు, అలా సైకిలు మీద కాలవగట్టు దాకా తీసుకెళ్లి, మెల్లగా అడగండి. చెప్పకపోతే మీరే చెప్పండి, అది వాడి తప్పు కాదని. నిజంగానే కాదు. ఏడేళ్ల పిల్లల్లో పదిమందిలో దాదాపు ఒకరికి ఇది ఉంటుంది. గాఢనిద్రలో మూత్రాశయం నిండిన సంగతి వాళ్లకు తెలియదు. బద్ధకం వల్లో పొగరు వల్లో చేసేది కాదు. తల్లికో తండ్రికో చిన్నప్పుడు ఉంటే పిల్లలకు వచ్చే అవకాశం ఎక్కువ. మీ అమ్మగారిని అడిగి చూడండి. మీకూ ఉండేదని తేలితే ఆ సంగతి బాబుకి మీ నోటితోనే చెప్పండి. ఏ ఓదార్పు మాట కన్నా అది వాడికి ఎక్కువ ధైర్యమిస్తుంది.

ప్రయాణాన్ని సంక్రాంతి దాటాక పెట్టుకోమని మీ స్నేహితులకు చెప్పండి. తుఫాన్ల కాలం పోతుంది, మీకూ కొన్ని శనివారాలు దొరుకుతాయి. ముందు మీ గదిలో, తర్వాత డాబా మీద దోమతెర కట్టుకుని, వాడూ మీరూ పడుకోండి. రాత్రి భోజనమయ్యాక నీళ్లు తగ్గించండి. పడుకోబోయే ముందు ఒకసారి బాత్రూమ్‌కి పంపండి. తడిపితే మాట్లాడకుండా దుప్పటి మార్చి మళ్లీ పడుకోబెట్టండి. దిండిలోనూ ఇంతే. మీ ఇద్దరికే వేరే టెంటు, కింద రబ్బరు షీటు, రెండు జతల నిక్కర్లు, తడిబట్టలకు మూత బిగించే సంచి. అర్ధరాత్రి ‘ఇంటికి పోదాం నాన్నా’ అంటే వెంటనే బండి తీస్తానని ముందే మాటివ్వండి, ఇచ్చాక నిలబెట్టుకోండి. ఆ కారణంగానే మీరు ఆ రాత్రి మందు ముట్టకూడదు. పెద్దవాళ్లు ఒకచోట చేరితే సిట్టింగ్ మొదలవుతుందని మీకూ తెలుసు, మీ భార్యకూ తెలుసు. ఆవిడ వద్దనడానికి అదీ ఒక కారణమేమో అడగండి.

ఆవిడ భయాన్ని ఆడవాళ్ల పిరికితనం అనుకోకండి. 2019 సెప్టెంబరులో కచ్చులూరు దగ్గర గోదావరిలో బోటు మునిగిన వార్త మన గోదావరి జిల్లాల్లో ఏ తల్లీ మర్చిపోలేదు. ‘ఏం కాదులే’ అనే మాటతో ఆ భయం పోదు. ఎవరెవరు వస్తున్నారో, పిల్లల్ని ఎవరు చూస్తారో వివరంగా చెప్పండి. వీలైతే ఒక ఆదివారం ఆవిడకు ఆ చోటు చూపించండి. దిండి దగ్గర వశిష్ఠ గోదావరికి సముద్రపు పోటూ పాటూ ఉంటాయి, పొద్దున మోకాల్లోతున్న చోట సాయంత్రానికి లోతు పెరగొచ్చు. ఇసుక తీసిన గుంతలు పైకి కనపడవు. అందుకని పిల్లల్ని ఏట్లో దిగనివ్వకండి. పడవ ఎక్కితే ప్రతి పిల్లాడికీ వాడి సైజు లైఫ్ జాకెట్ ఉండాల్సిందే. గంటకొకరు చొప్పున వంతులు వేసుకుని పిల్లల మీదే కన్నేసి ఉంచండి. టెంటు కొబ్బరిచెట్ల కింద వద్దు, కాయలూ ఎండుమట్టలూ రాలతాయి. కోతలైన చేల పక్కన పాములు తిరుగుతాయి కాబట్టి జిప్పు ఎప్పుడూ వేసే ఉంచండి, చీకట్లో అడుగు పెడితే టార్చి, బూట్లు తప్పనిసరి.

మీ నాన్నగారితో వాదన పెట్టుకోనక్కర్లేదు. ‘తీసుకెళ్తాను నాన్నా, నా పద్ధతిలో’ అంటే చాలు. స్నేహితులకు పక్క తడపడం సంగతి చెప్పాలో వద్దో బాబునే అడగండి. వాడు వద్దంటే ఎవరికీ చెప్పకండి.

ఈ మధ్యలో పిల్లల డాక్టరుకి ఒకసారి చూపించండి. మలబద్ధకం ఉంటే ఈ సమస్య పెరుగుతుంది, అది సరిచేస్తే చాలామందికి తగ్గుతుంది. బయట పడుకోవాల్సిన రాత్రుల కోసం డాక్టర్లు ఒక్కోసారి డెస్మోప్రెసిన్ అనే మందు రాస్తారు. అది వేసుకున్నాక నీళ్లు ఎక్కువ తాగితే ప్రమాదం, అందుకని సొంతంగా కొనకండి. పగలు కూడా బట్టలు తడుపుతున్నా, విపరీతంగా దాహం వేస్తున్నా ఆలస్యం చేయొద్దు.

ఇంత చేసినా వాడు రానంటే, ఆ రోజు పగలు మాత్రం తీసుకెళ్లండి. అందరితో కలిసి భోంచేసి, ఆడుకుని, దీపాలు పెట్టే వేళకు ఇంటికొచ్చేయండి. ఆ రాత్రి డాబా మీదే పడుకోండి, ఇద్దరూ.