ఒక్క దెబ్బకు రెండుసార్లు మోగే డ్రమ్ము, పదో తరగతి అబ్బాయి

ప్రశ్న: మా అబ్బాయి పదో తరగతి చదువుతున్నాడు. మా ఊరి తప్పెటగుళ్ళ బృందంతో తిరిగేవాడు. ఇప్పుడు పాత రబ్బరు చెప్పులు, ప్లైవుడ్ ముక్కలు, ప్రోగ్రాము రాసి నడిపే చిన్న ఆర్డ్యునో సర్క్యూటు బోర్డు పెట్టుకుని, కొడితే కంప్యూటర్లో డ్రమ్ము మోగే పరికరం చేస్తున్నాడు. ఒక్క దెబ్బకు రెండుసార్లు మోగుతోందని రాత్రిళ్ళు నిద్ర మానేస్తున్నాడు. మాన్పించాలా? – ఒక తండ్రి, బొబ్బిలి

జవాబు: మాన్పించవద్దు. పరీక్షలు అయ్యేవరకు ఆదివారాలకు పరిమితం చేయండి, చాలు.

ముందుగా ఒక విషయం అడగండి. కొట్టే ప్యాడ్ కింద అంటించే పియెజో బిళ్ళ (దెబ్బను విద్యుత్ సంకేతంగా మార్చే సెన్సరు) గట్టి దెబ్బకు 5 వోల్టులకు మించిన వోల్టేజీ పుట్టించి బోర్డును పాడుచేయగలదు కనుక, దానికి సమాంతరంగా 1 మెగాఓమ్ రెసిస్టరు, వోల్టేజీని హద్దులో ఉంచే 5.1 వోల్టుల జీనర్ డయోడు పెట్టడం ఆనవాయితీ. అవి పెట్టాడో లేదో అడగండి. రెండూ కలిపి కొన్ని రూపాయల ఖర్చే.

ఇక అతడి నిద్ర చెడగొడుతున్న సమస్య. దెబ్బ తగిలాక బిళ్ళ వెంటనే నిలకడకు రాదు, కాసేపు కంపిస్తూనే ఉంటుంది. బోర్డు ఆ సంకేతాన్ని 0 నుంచి 1023 వరకు అంకెలుగా చదువుతుంది. నిర్ణీత హద్దు దాటిన ప్రతిసారీ దెబ్బగా లెక్కిస్తే ఒకటి రెండవడం సహజం. హద్దు దాటగానే కొద్ది మిల్లీసెకన్లపాటు గరిష్ఠ విలువను వెతికి, దానిని మిడి (వాద్యాలు, కంప్యూటర్లు సంకేతాలు ఇచ్చిపుచ్చుకునే ప్రమాణం) పద్ధతిలో దెబ్బ జోరు తెలిపే 1 నుంచి 127 వరకు అంకెగా మార్చి పంపి, ఆ తరువాత మరికొంతసేపు ఆ ప్యాడును పట్టించుకోకుండా ప్రోగ్రాము రాయాలి. ఆ విరామం ఎక్కువైతే జోరు మీద పడే దెబ్బలు మాయమవుతాయి, తక్కువైతే మళ్ళీ మొదటి జబ్బే. 20, 30, 40 మిల్లీసెకన్లు పెట్టి చూసి, ఏది ఎందుకు కుదరలేదో నోటుపుస్తకంలో రాయమనండి. తప్పెట కొట్టిన చేయి కనుక తేడా ఇట్టే పట్టేస్తుంది.

వాద్యాలు తయారుచేసే సంస్థల్లో ఉద్యోగాలు తక్కువ. ఆ ఆశ పెట్టుకోవద్దు. అయితే సెన్సరు సంకేతాన్ని శుద్ధిచేసి నిర్ణయం తీసుకునే ఈ పనే వాహనాల్లో, వైద్య పరికరాల్లో, కర్మాగారాల యంత్రాల్లో ఎంబెడెడ్ ఇంజినీర్లు (యంత్రాల్లో ఇమిడే చిన్న కంప్యూటర్లను రూపొందించేవారు) చేసేది. ఇంతగా చేతిపని మీద మనసున్న పిల్లవాడికి, నా అభిప్రాయంలో, ఇంటర్ ఎం.పి.సి. కంటే పాలిటెక్నిక్‌లో మూడేళ్ళ ఈసీఈ (ఎలక్ట్రానిక్స్, కమ్యూనికేషన్) డిప్లొమా నప్పుతుంది. తరువాత డిప్లొమా వారి ప్రవేశ పరీక్ష ఈసెట్ రాసి బీటెక్ రెండో సంవత్సరంలో చేరవచ్చు. ఐఐటీ ఆలోచన గట్టిగా ఉంటే మాత్రం ఇంటరే నయం.

వాయిద్యం మీద మక్కువ వేరే దారి. 1919లో మొదలైన విజయనగరం సంగీత కళాశాలలో మృదంగం నేర్పుతారు. దానిని ఎలక్ట్రానిక్స్‌కు పోటీగా చూడనవసరం లేదు.

పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్ష పాలిసెట్‌లో అన్నిటికన్నా గణితానికే ఎక్కువ మార్కులు. అందుకే ఇప్పటి నుంచి రాత్రి సమయం లెక్కలకు ఇప్పించి, ప్యాడును ఆదివారం మధ్యాహ్నానికి ఉంచండి.