బుజ్జికి, టీవీ కొనేముందు

బుజ్జీ,

నువ్వు టీవీ కొంటున్నావని నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. నీ జీతం డబ్బులతో, ఎవరి ముందూ చెయ్యి చాచకుండా నీ ఇంటికి నువ్వే కొనుక్కుంటున్నావంటే నా కళ్లు చెమర్చాయి. ఆన్‌లైన్‌లో ఫొటో చూసి ఆర్డర్ పెట్టేస్తావని అనగానే మాత్రం టెన్షన్ పట్టుకుంది. ఫోన్‌లో చెబితే "సరే మావయ్యా" అని పెట్టేస్తావు, అందుకే రాస్తున్నాను.

మీ హాలుకి 32 అంగుళాలు చాలు. జీఎస్టీ తగ్గిందని 43 తీసుకోమంటారు. 2025 సెప్టెంబరు 22 నుంచి 32 దాటిన వాటికి 28 నుంచి 18 శాతం అయిన మాట నిజమే. అయినా మీ గోడకి అది పెద్దదైపోతుంది. 32 అంటే మూల నుంచి మూలకి కొలత, వెడల్పు 28 అంగుళాలు. టేపు పెట్టి కొలుచుకో. ఆ సైజులో చాలావరకు హెచ్‌డీ రెడీయే దొరుకుతాయి, అంటే తెర మీద అడ్డంగా 1366, నిలువుగా 768 చుక్కలు. ఆరేడు అడుగుల దూరం నుంచి సీరియల్‌కీ క్రికెట్‌కీ అది సరిపోతుంది. ల్యాప్‌టాప్ తగిలించి పని చేసుకుంటానంటే 1920 బై 1080 చుక్కలున్న ఫుల్ హెచ్‌డీ వెతుక్కో, లేకపోతే అక్షరాలు మసకేస్తాయి. సెట్ టాప్ బాక్సు పాతదైతే హెచ్‌డీది పెట్టించుకో.

ఇవన్నీ నీకు తెలిసినవే. మీ అత్తగారి మంచం ఎక్కడ వేశారో అది చెప్పు ముందు.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు విశాఖలో మా కూర్మన్నపాలెం ఇంట్లో కిటికీ అద్దాలు పగిలి, వాన జల్లంతా పాత డబ్బా టీవీ మీద కొట్టింది. అది మళ్లీ పలకలేదు. అప్పటికే మీ అమ్మమ్మ మంచాన ఉంది. సాయంత్రం సీరియల్ తప్ప ఆవిడకి వేరే కాలక్షేపం లేదు. కరెంటు వచ్చాక పరుగున వెళ్లి 24 అంగుళాల టీవీ తెచ్చాను. షాపులో ఎదురుగా నిలబడి చూస్తే రంగులు ధగధగలాడాయి. ఇంటికొచ్చి, అందరికీ కనబడాలని గుమ్మం ఎత్తున బిగించాను.

"కనబడుతోందా అమ్మా?" అంటే "బ్రహ్మాండంగా ఉంది నాయనా" అంది. ఎప్పుడడిగినా అదే మాట.

సంక్రాంతికి ఇంటినిండా చుట్టాలు. ఆవిడని అరుగు మీద ఎండకి కూర్చోబెట్టి, నేను ఆ మంచం మీద నడుం వాల్చాను. తలెత్తి చూస్తే టీవీలో మొహాలన్నీ నల్లగా, ఫొటో నెగటివ్‌లా ఉన్నాయి. లేచి నిలబడితే మామూలుగా ఉంది. పడుకుంటే మళ్లీ నలుపే. మూడు నెలలుగా మా అమ్మ మాటలు మాత్రం వింటూ పడుకుందన్నమాట.

"ఎందుకు చెప్పలేదమ్మా" అని కోప్పడ్డాను. "అంత డబ్బు పోసి తెచ్చావు కదరా" అంది. అప్పటికప్పుడు గోడ మీంచి దించి, మంచం ఎదురుగా స్టూలు మీద పెట్టాను. కాసేపు చూసి "ఆ పిల్లది ఆకుపచ్చ చీరా!" అంది. ఆ మాట ఇప్పటికీ నా చెవుల్లోనే ఉంది బుజ్జీ.

అదంతా లోపలి ప్యానెల్, అంటే బొమ్మ చూపించే పలక, రకాన్ని బట్టి ఉంటుందని తర్వాత తెలిసింది. టీఎన్ రకాన్ని కింద నుంచి చూస్తే నల్లబడుతుంది. వీఏ ఎదురుగా బాగుంటుంది కానీ పక్కకి జరిగితే పాలిపోతుంది. ఐపీఎస్ అయితే పక్కనుంచి చూసినా రంగు నిలబడుతుంది, చీకటి గదిలో మాత్రం నలుపు కాస్త బూడిదగా ఉంటుంది. ఇది పెట్టె మీద రాసి ఉండకపోవచ్చు. అందుకే షాపుకి వెళ్లి చూడమంటున్నాను. పక్కకెళ్లి చూడు, మీ అత్తగారి మంచం ఎత్తుకి కూర్చుని చూడు. ఎవరేమనుకున్నా సరే. ఆవిడ కూడా నోరు తెరిచి చెప్పే మనిషి కాదు.

ఇంకొకటి. మీది లాసన్స్ బే కాలనీ, సముద్రం ఎదురుగానే. మీ బాల్కనీ గ్రిల్ ఎలా తుప్పు పట్టిందో మొన్న చూశాను. గోడకి బిగిస్తే స్టెయిన్‌లెస్ స్టీల్ స్క్రూలే వెయ్యమను, అవి ఉత్త సున్నంలో కాకుండా ఇటుకలోకి దిగాలి. కింద చిన్నాడు ఆడుకుంటాడు, నాకు రాత్రి నిద్ర పట్టలేదు. బల్ల మీద పెడితే వాడు లాగకుండా వెనక పట్టీతో గోడకి కట్టించు.

ఆ ఆర్డర్ పెట్టకు. ఆదివారం పొద్దున్న పది గంటలకి డాబాగార్డెన్స్‌లో టీవీ షాపుల దగ్గరికి వచ్చేస్తాను, ఇద్దరం కలిసి చూద్దాం. డబ్బులు నువ్వే కట్టు, నేను అడ్డు రాను. మంచం ఎత్తు మాత్రం కొలిచి కాగితం మీద రాసుకునిరా.

మీ మావయ్య