రోమన్ నాణెం కొనే ముందు

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

రోమన్ నాణేలు సేకరిస్తానన్నావు, సంతోషం. అయితే చవగ్గా వస్తోందని నువ్వు చెప్పిన ఆ యాభై నాణేల పొట్లం మాత్రం కొనకు. అక్షరాలు అరిగిపోయిన యాభై బిళ్ళల కన్నా, చదవగలిగే ఒక్క నాణెం నీకు ఎక్కువ నేర్పుతుంది. నన్నడిగితే ట్రాజన్ చక్రవర్తి డెనారియస్ అనే వెండి నాణెంతో మొదలుపెట్టు.

కొత్తవాళ్ళు ముందు ముఖం చూస్తారు. నువ్వు అక్షరాలు చూడు. చాలావరకు ఎడమవైపు కింద మొదలై గడియారం ముల్లులా చుట్టూ తిరుగుతాయి. పదాల మధ్య ఖాళీ ఉండదు, 'యు' ఉండాల్సిన చోట 'వి' ఉంటుంది. 'ఏవీజీ' అంటే అగస్టస్, అంటే చక్రవర్తి బిరుదు. 'సీఓఎస్' అంటే కాన్సుల్, అది రోమ్‌లో ఒక పెద్ద పదవి. ఆ పదవి ఎన్నోసారి చేపట్టాడో చెప్పే రోమన్ అంకె దాని పక్కన ఉంటుంది, అది తేదీ పట్టిస్తుంది. ట్రాజన్ నాణెం మీద అది ఐదైతే క్రీ.శ. 103–111 మధ్య ముద్రించినది, ఆరైతే 112, ఆ తరువాతది. 'డీఏసీ' కనిపిస్తే, నేటి రొమేనియా ప్రాంతపు డేసియన్లను గెలిచి 102 చివర్లో ఆయన 'డేసికస్' అనే బిరుదు తీసుకున్న తరువాతిదన్నమాట. ఇంత చదివాక అమెరికన్ న్యూమిస్మాటిక్ సొసైటీ వారి ఆన్‌లైన్ జాబితా 'ఓక్రే'లో వెతుకు. ఉచితమే.

వెండి నాణెం మీద తలకు ఆకుల దండకు బదులు కిరణాల కిరీటం ఉంటే, అది డెనారియస్ కాదు. 215లో కరకల్లా చక్రవర్తి తెచ్చిన ఆంటోనినియానస్ అనే నాణెం అది. గాలియెనస్ చక్రవర్తి పాలన ముగిసేనాటికి అందులో వెండి పేరుకే మిగిలింది కనుక రాగి రంగు చూసి నకిలీ అనుకోకు.

అసలు నకిలీ సంగతి అంచులో తెలుస్తుంది. భూతద్దం పెట్టి తిప్పి చూడు. చుట్టూ సన్నటి అతుకు గీత, ఉపరితలం మీద సూదిమొనంత గుంటలు ఉంటే సుత్తితో కొట్టినది కాదు, పోతపోసినదని అనుమానించాలి. చిన్న చీలికలకు భయపడనక్కరలేదు, సుత్తి దెబ్బకు బిళ్ళ చీలడం మామూలే. చేత్తో కొట్టిన నాణేల్లో ఏ రెండూ అచ్చుగుద్దినట్టు ఉండవు. అంచు వంకరలతో సహా ఒకేలా ఉన్న రెండు నాణేలు చూపిస్తే రెండూ వదిలెయ్యి. లోపల రాగి, పైన వెండి పూతతో ఉన్నవి మాత్రం వేరు. వాటిలో చాలావరకు ఆ కాలపు దొంగ నాణేలే. నాకు వాటి మీదే మక్కువ ఎక్కువ, అది నా పిచ్చి అనుకో.

రాగి, ఇత్తడి నాణేలను చింతపండుతో తోమవద్దని మీ అమ్మకు కూడా చెప్పు. కాలంతో పట్టిన ఆ ఆకుపచ్చ పొర పోతే విలువా పోతుంది, కొన్నిసార్లు అక్షరాలూ పోతాయి. మురికి ఉంటే డిస్టిల్డ్ వాటర్‌లో నానబెట్టి ఓపిక పట్టు. పీవీసీ ప్లాస్టిక్ కవర్లలో దాచకు.

పొలంలో దొరికిందంటూ ఎవరైనా తెస్తే మాత్రం జాగ్రత్త. దక్షిణాదిలో అగస్టస్, టైబీరియస్ చక్రవర్తుల డెనారియస్‌లు నిధులుగా బయటపడ్డాయి, నల్లగొండ జిల్లా అక్కనపల్లి నిధి అలాంటిదే. 1878 నాటి చట్టం ప్రకారం భూమిలో దొరికిన నిధి సంగతి కలెక్టరుకు తెలపాలి. 1972 చట్టం ప్రకారం పురావస్తువుల వ్యాపారానికి లైసెన్సు ఉండాలి. కాబట్టి లైసెన్సున్న వ్యాపారి దగ్గరే కొను, రసీదు నాణెంతో పాటే భద్రపరుచు.

నీ మామయ్య