పాడే వరం లేకపోయినా చేయదగిన సేవ

సహోదరీ, వందనాలు. పాడడం, ప్రసంగించడం రాని మీకు సంఘంలో సేవచేసే అవకాశం దొరకడం లేదని, గుంటూరులో ఉద్యోగం వల్ల శనివారం ఉదయం మాత్రమే ఖాళీ ఉంటుందని రాశారు. ఆ పూట ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లండి. పల్లెల నుంచి వచ్చిన వృద్ధులు ఓపీ చీటీ చేతపట్టుకొని, రక్తపరీక్ష ఏ గదిలోనో, మందులు ఎక్కడిస్తారో తెలియక వరుసలు మారుతుంటారు. చీటీ చదివి, వెంట నడిచి, ఫార్మసిస్టు చెప్పిన ప్రకారం మందుల కవరు మీద ఉదయానికి సూర్యుణ్ణి, రాత్రికి చంద్రుణ్ణి గీసి ఇవ్వడం కూడా, దిక్కులేని పిల్లలను, విధవరాండ్రను వారి ఇబ్బందిలో పరామర్శించమని బైబిలులో యాకోబు పత్రిక 1:27 చెప్పే పరామర్శ కిందికే వస్తుందని నా అభిప్రాయం. 1883లో మీ గుంటూరుకే వచ్చిన అమెరికా లూథరన్ మిషనరీ డాక్టర్ అన్నా కుగ్లర్‌కు మిషన్ మొదట అప్పగించింది వైద్యం కాదు, స్త్రీలకు చదువు చెప్పే పని. అయినా ఆమె ఎదురైన రోగులను చూడడం మానలేదు, 1898లో ఆసుపత్రి తెరిచారు. అయితే మీరు వెళ్లే ప్రభుత్వ ఆసుపత్రిలో సువార్త కరపత్రాలు పంచవద్దు. నొప్పితో, మీ సాయం మీద ఆధారపడి ఉన్న మనిషి వద్దనలేక తీసుకుంటే దానిని ఇష్టంగా భావించడం న్యాయం కాదు. మీ విశ్వాసం గురించి వారే అడిగితే దాచనక్కరలేదు. వెళ్లేముందు సూపరింటెండెంట్ కార్యాలయంలో అనుమతి తీసుకోండి.